హాలాహలానికీ అమృతానికీ నడుమ నెత్తళ్ళ వేపుడు

మా ఇంట్లో చేప వండడం ఫిబ్రవరి నెలాఖరులో ఆగిపోయింది. మావారికి పెద్దపేగు క్యాన్సరని తేలి, ఆపరేషన్ అయి, కీమో మొదలైన నాలుగో రోజున, ఎప్పటిలాగే చెన్నై మందవెలిలోని మా సందులోకి వచ్చిన చేపలామె దగ్గర అరకిలో సంకరా చేప తీసుకుని, చింతపండు పులుసులో మామిడికాయ ముక్కలు వేసి మరగనిచ్చి మూత తీసేసరికి, ఆయన ముందుగదిలోంచి లేచి గోడ పట్టుకుంటూ బాత్‌రూములోకి వెళ్ళారు. కాసేపటికి బయటికి వచ్చి, "నీ తప్పేం లేదు, ఆ వాసన నాకిప్పుడు తుప్పు నాకినట్టుంది" అన్నారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన మనిషి, చేపల పులుసు పెట్టిన రోజున కాక మర్నాడు తింటేనే రుచి అని ముప్పై ఏళ్ళుగా నాతో వాదిస్తున్న మనిషి ఆ మాట అన్నారు. గిన్నెను పక్కింటివాళ్ళకిచ్చేసి, కిటికీలన్నీ తెరిచి, గచ్చును రెండుసార్లు కడిగాను.

రెండు వారాలకొకటి చొప్పున 12 విడతలు, అంటే ఆరు నెలల వైద్యం. ప్రతి విడతలోనూ ఒక మందును ఆసుపత్రిలోనే రెండు గంటల్లో ఎక్కించి, ఇంకొకదాన్ని నడుముకు కట్టిన చిన్న పంపులో పెట్టి ఇంటికి పంపిస్తారు, అది 46 గంటలపాటు బొట్టుబొట్టుగా ఒంట్లోకి దిగుతుంది. మొదటి మందులో ప్లాటినం ఉంటుంది. దాని మహిమ వల్ల చల్లటి వస్తువేది తాకినా వేళ్ళలో సూదులు గుచ్చుకుంటాయి, చన్నీళ్ళు తాగితే గొంతు బిగుసుకుపోతుంది. కనుక ఫ్రిజ్ తలుపు తెరవడం నా పని, ఆయనకు మంచినీళ్ళు గోరువెచ్చగా ఇవ్వడం నా పని, ఇంట్లో తాలింపు కూడా వాసన రాకుండా వేయడం నా పని అయింది. చేప గడప దాటి వెళ్ళిపోయింది, దాని వెనకే నేనూ వెళ్ళాను. నేను చెప్పదలచుకున్నది ఆ వెళ్ళడం గురించే, అలా వెళ్ళడం తప్పు కాదని వాదించడానికే.

మా ఇంటి నుంచి పట్టినపాక్కం సముద్రపొడ్డుకు నడిస్తే అరగంట కూడా పట్టదు. లూప్ రోడ్డు పక్కన గొడుగుల కింద చేపలమ్మే బల్లలు 2024లో నొచ్చికుప్పం దగ్గర కట్టిన కొత్త మార్కెట్టులోకి మారాయి గానీ, సాయంత్రం నాలుగు దాటితే వెడల్పాటి పెనాలు పెట్టుకుని చేపలు వేపే ఆడవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇప్పటికీ కనిపిస్తారు. నేను అలవాటు పడ్డ ఆవిడ నెత్తళ్ళనే చిన్న చేపలను ముందుగానే తలలు గిల్లి, కారం, ఉప్పు, నిమ్మరసం, కొంచెం బియ్యప్పిండి పట్టించి, స్టీలు పళ్ళెంలో ఎర్రటి గుట్టగా పోసి ఉంచుతుంది. అడగ్గానే గుప్పెడు తీసి పెనం అంచున పరుస్తుంది. నడుమ నూనె మరుగుతున్న చోట వేయదు. అంచున సగం వేగాక, అట్లకాడతో ఒక్క తోపు తోసి నడుమకు తెస్తుంది. వేగిన నెత్తలిని ముల్లుతో సహా నమలాలి. పైన కరివేపాకు కూడా దానంతటి కరకరతోనే వస్తుంది. కాగితపు పళ్ళెం చేతిలో పట్టుకుని ఇసుకలో బోర్లించిన పడవ నీడన కూర్చుని తిన్న ఆ మొదటి రోజున, పదిహేను నిమిషాలసేపు నాకు ఆసుపత్రి గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదన్న సంగతి తట్టగానే గుండెలో రాయి పడింది.

ఆ రాయి నేనొక్కదాన్నే వేసుకున్నది కాదు. అప్పటికే మా వదిన, అంటే మావారి అక్క, నెల్లూరు నుంచి సాయానికి వచ్చి ఉన్నారు. వచ్చిన రోజునే దేవుడి గూటి ముందు నిలబడి, "తమ్ముడు లేచి తిరిగేదాకా నేను నీచు ముట్టను" అని మొక్కుకున్నారు. నేను సముద్రం దగ్గర ఏం తిని వస్తున్నానో రెండో వారంలోనే ఆమెకు తెలిసిపోయింది. అరిచిందీ లేదు, కసురుకున్నదీ లేదు. "ఇంట్లో మనిషి అట్లా పడుంటే నీకు గొంతు ఎట్లా దిగుతుందమ్మా?" అని మాత్రం అడిగారు. నన్ను పొడిచే ఉద్దేశం అందులో లేదు. నిజంగానే అర్థం కాక అడిగారు.

నా తరఫున మాట్లాడేవాళ్ళూ లేకపోలేదు. మావారి ఆఫీసు స్నేహితుల భార్యలు, మా అపార్టుమెంటువాళ్ళు, అమెరికాలో ఉన్న మా చెల్లెలు, అందరిదీ ఒకే మాట: "నువ్వు బలంగా ఉంటేనే కదా ఆయన్ని చూసుకోగలిగేది, నీ కోసమని కాకపోయినా ఆయన కోసమైనా బయటికి వెళ్ళు." ఇది వినడానికి ఎంతో మంచి మాటలా ఉంటుంది, కాని వదిన అడిగిన ప్రశ్న కంటే ఈ సమర్థనే నన్ను ఎక్కువ చికాకు పెట్టింది. వాళ్ళ లెక్కలో నేను తిన్న నెత్తళ్ళు, చూసిన బొమ్మ, చదివిన పద్యం అన్నీ సేవ చేసే యంత్రానికి పోసిన నూనె. ఆ నూనె వల్ల యంత్రం బాగా తిరక్కపోతే అప్పుడేం చెప్పాలి? సముద్రం దగ్గర గంట కూర్చుని వచ్చినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదనుకుందాం, అప్పుడా గంట దండగేనా? వదిన కనీసం ఆనందాన్ని ఆనందంగా గుర్తించి వద్దంటున్నారు. వీళ్ళు దాన్ని మందు చీటీలో రాసి సరేనంటున్నారు.

నేను చెప్పేది ఈ రెండూ కాదు. అది నాకు పోతన భాగవతంలో దొరికింది, దొరికిన తీరు చెప్పకుండా విషయం చెప్పలేను. కీమో మొదలుపెట్టే ముందు ఆసుపత్రిలో ఒక అంగీకార పత్రం మీద రోగితో పాటు నాచేత కూడా సంతకం పెట్టించారు. నాలుగు పేజీలు. వాంతులు, విరేచనాలు, తిమ్మిర్లు, తెల్లకణాలు పడిపోవడం, తద్వారా ఇన్ఫెక్షన్, అరుదుగా ప్రాణాపాయం. ఇవన్నీ చదివాను, సరేనని సంతకం పెడుతున్నాను అని చివర ఒక వాక్యం. ఆ వాక్యం కింద పెన్ను పెట్టినప్పుడు, చిన్నప్పుడు మా నాన్న చెప్పించిన పద్యం తనంత తానుగా పైకి వచ్చింది. పాలసముద్రం చిలుకుతుంటే హాలాహలం పుట్టింది, లోకాలు కాలిపోతున్నాయి, అందరూ వెళ్ళి శివుడి కాళ్ళ మీద పడ్డారు. మింగేవాడు తన భర్త అనీ, మింగబోయేది విషమనీ తెలిసి కూడా "మ్రింగు మనె సర్వమంగళ, మంగళసూత్రంబు నెంత మది నమ్మినదో!" అని పోతన ఆశ్చర్యపోతాడు. ఈ పద్యాన్ని మంగళసూత్రం మహిమకు ఉదాహరణగా పెళ్ళిళ్ళలో చదువుతారు. నాకు ఆ రోజున అందులో మహిమేమీ కనిపించలేదు. మింగమని చెప్పవలసి వచ్చిన ఒక ఆడమనిషి కనిపించింది. ఆమె తన తాడును నమ్మిందేమో, నేను మాత్రం రక్తపరీక్ష కాగితంలో తెల్లకణాల అంకెను నమ్ముకున్నాను.

ఆ పద్యం కోసం ఇంటికి వచ్చి అష్టమ స్కంధం తీశాను, తీసినదాన్ని ఆ రాత్రి ఆపలేదు. నాకు గుర్తున్న కథలో విషం ఉంది, అమృతం ఉంది, మోహిని ఉంది. నేను మరిచిపోయింది ఆ నడిమి భాగం. దేవతలూ రాక్షసులూ కవ్వం పట్టింది అమృతం ఒక్కదాని కోసం. ముందుగా పైకి తేలింది విషం. అమృతకలశంతో వైద్యుడు ధన్వంతరి వచ్చింది చిట్టచివర. ఈ రెంటికీ మధ్య కామధేనువు వచ్చింది, ఉచ్చైశ్శ్రవమనే తెల్ల గుర్రం వచ్చింది, ఐరావతం వచ్చింది, కల్పవృక్షం వచ్చింది, అప్సరసలు వచ్చారు, సాక్షాత్తూ లక్ష్మీదేవి వచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ వాళ్ళు అడిగింది కాదు. ఏ ఒక్కటీ చావును తప్పించే మందు కాదు. అయినా "మేం ఇప్పుడు అమృతం పనిలో ఉన్నాం, ఏనుగును తరువాత చూద్దాం" అని ఎవరూ అనలేదు. పని ఆపకుండానే తలతిప్పి చూశారు, మురిసిపోయారు, తీసుకున్నారు. శివుడి గొంతులో విషం అలాగే ఉంది, సముద్రంలోంచి మాత్రం అందమైనవి వస్తూనే ఉన్నాయి.

నా నెత్తళ్ళ పొట్లానికి ఆ వరసలో చోటుందని నా వాదన. అది ఆయనకు వైద్యం కాదు, నాకూ వైద్యం కాదు, ఎవరికీ ద్రోహమూ కాదు. చిలుకుతున్న సముద్రం దారిలో ఇచ్చింది. అలలు తగ్గాక సముద్రస్నానం చేద్దామని గట్టున కూర్చున్నవాడి సామెత మనకు ఉండనే ఉంది. ఎంతసేపూ దాన్ని పనులు వాయిదా వేసేవాళ్ళ మీద ప్రయోగిస్తాం గానీ, సంతోషాన్ని వాయిదా వేసేవాళ్ళ మీద ప్రయోగించగా నేను వినలేదు.

ఇంత ధీమాగా రాస్తున్నాను కాబట్టి ఏప్రిల్ నెల సంగతి దాచకూడదు. కీమో ఎక్కించిన వారం నుంచి రెండు వారాల లోపు తెల్లకణాలు అడుగంటే రోజులుంటాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే క్షణం ఆలస్యం చేయకుండా రమ్మని మాకు మొదటి రోజే చెప్పి, కాగితం మీద రాసి, దాన్ని ఫ్రిజ్‌కు అంటించమన్నారు. ఐదో విడత అయిన పదో రోజు సాయంత్రం నేను పడవ నీడన కూర్చుని ఉన్నాను, ఫోను సంచి అడుగున ఉంది, అలల హోరులో అది మోగడం వినపడలేదు. తీసి చూసేసరికి వదిన నుంచి నాలుగు కాల్స్ ఉన్నాయి, మొదటిది వచ్చి నలభై నిమిషాలయింది. ఆమె అప్పటికే పక్కింటి అబ్బాయిని పిలిచి, ఆటో మాట్లాడుకుని, తమిళం ఒక్క ముక్క రాకపోయినా ఆయన్ని ఆసుపత్రికి చేర్చారు. జ్వరం 101.2. నేను ఆటో దిగి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి రక్తం తీసి, యాంటీబయాటిక్ సెలైను పెట్టేశారు. ఐదు రోజులు ఉంచి పంపించారు, ప్రమాదమేమీ జరగలేదు. ఆ మొదటి రాత్రి లిఫ్టులో పక్కన నిలబడినప్పుడు వదిన నన్ను ఏమీ అనలేదు. చాలాసేపటికి, "నీ చేతులు చేప వాసనొస్తున్నాయి, కడుక్కో" అన్నారు.

జరిగిందానికి సముద్రానిదో చేపదో బాధ్యత అంటే నేను ఒప్పుకోను. ఫోను సంచి అడుగున పెట్టినందుకు బాధ్యత నాదే. అదే నలభై నిమిషాలు నేను బ్యాంకులోనో మందుల దుకాణంలోనో ఉండి ఫోను ఎత్తకపోతే, ఎవరూ, నేను కూడా, బ్యాంకుకు వెళ్ళడం పాపమనుకునేవాళ్ళం కాదు. ఇంత తెలిసి కూడా మూడు వారాలు నేను అటు వెళ్ళలేదు. తర్వాత వెళ్ళినప్పటి నుంచి ఫోనును జాకెట్టులోనే పెట్టుకున్నాను. తర్కం గెలిచిందని అనలేను, ఆ వాసన మాట మాత్రం నాలో అలాగే ఉండిపోయింది.

ఆ మూడు వారాలూ సముద్రాన్ని పుస్తకంలోనే చూశాను. ఇరవై రెండేళ్ళ మద్రాసు కాపురంలో తమిళం చదవడం వచ్చింది గానీ, సంగకాలపు పద్యం వ్యాఖ్యానం చేయి పట్టుకోకుండా చదివేంత రాలేదు. పక్కన వ్యాఖ్యానం పెట్టుకుని రోజుకొకటి చొప్పున నెయ్‌దల్ పద్యాలు చదివాను. ఆ పాత తమిళ కవులు మనుషుల ప్రేమను ఐదు నేలలుగా పంచారు. కొండకు కలయిక ఇచ్చారు, అడవికి ఓపికగా ఎదురుచూడడం ఇచ్చారు, పంటపొలాలకు అలక, బీటిభూమికి ఎడబాటు. నెయ్‌దల్ అనే నీటికలువ పేరున్న సముద్రతీరానికి ఇచ్చింది వగపు. వేళ కూడా ఖాయం చేశారు, పొద్దు వాలే వేళ. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. నేను రోజూ సముద్రానికి వెళుతున్నది ఆ వేళకే. తూర్పు తీరం కాబట్టి మాకు సూర్యుడు నీళ్ళలో దిగడు, వెనక ఊరి మేడల మీద దిగుతాడు. ముందు సముద్రం నల్లబడుతుంది, ఇంకా వీపు మీద ఎండ ఉంటుంది.

అడవిలోని ఎదురుచూపుకూ తీరంలోని వగపుకూ తేడా ఉంది. అడవి పద్యాల్లో వానాకాలం వచ్చేసరికి అతను వస్తానన్నాడు, మబ్బు పట్టింది, కనుక వస్తాడు. తీరం పద్యాల్లో ఆ లెక్క లేదు. ఐదు నేలలకు నూరేసి చొప్పున 500 చిన్న పద్యాలున్న ఐంగురునూరులో నెయ్‌దల్ నూరూ అమ్మూవనార్ చెప్పినవి. వాటిలో దిగులు ఉన్న చోటే ఇసుకలో పీతలు పరుగెత్తుతుంటాయి, పొన్నచెట్లు పూస్తుంటాయి. ఎవరి కోసమో గుండె చెరువైన పిల్ల పీతను తరిమి ఆడుకుంటుంది. నేను అడగదలచుకున్నది వదినను కాదు, నన్నే: రెండు వేల ఏళ్ళ కిందట ఈ తీరాన్ని దిగులుకు రాసిచ్చిన వాళ్ళు అక్కడినుంచి పీతలనూ పూలనూ చేపలనూ ఎందుకు తీసెయ్యలేదు? సముద్రం పక్కన బతికేవాళ్ళకు ఆ రెంటినీ వేర్వేరు గదుల్లో పెట్టుకునే వీలు లేదని వాళ్ళకు తెలుసు. పడవ వెళ్ళిన చోటికే భయమూ వెళుతుంది, ఆ పడవలోనే కూడు కూడా వస్తుంది.

నట్రిణై అనే మరో సంగకాలపు సంకలనంలో 45వ పద్యం చదివిన రోజున నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వేగంగా పోయే రథాలున్న ఊరి ధనికుడి కొడుకు ఒక జాలరిపల్లె పిల్ల వెనక పడతాడు. ఆ పిల్ల నెచ్చెలి అతన్ని ఆపి చెబుతుంది: ఈమె నీలిసముద్రంలో వేటాడే జాలరుల బిడ్డ, మేం కోసి ఎండబెట్టిన సొర ముక్కల మీద పిట్టలు వాలకుండా తోలుకునేవాళ్ళం, మాకు అందమేమిటి, చేప కంపు కొడతాం, కాస్త దూరంగా నిలబడు. ఆ మాటలో సిగ్గు లేదు, తలవంపు లేదు. మా బతుకు మాది, అది చిన్నదే గాని మంచిది అనే పొగరు ఉంది. లిఫ్టులో వదిన అన్న వాసన మాటకు నా దగ్గర ఆ రోజు జవాబు లేదు. ఆ పిల్ల నెచ్చెలి దగ్గర ఉంది.

ఈలోగా వేటనిషేధం వచ్చింది. తమిళనాడు తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లుపెట్టే కాలమని మరపడవలు కదలవు. కాశిమేడు రేవులో పెద్ద పడవలన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, తీరం దగ్గరే తిరిగే చిన్న పడవలు మాత్రమే వేటకు పోతాయి. వంజరం చేప కిలో వెయ్యి దాటింది, నెత్తళ్ళు కూడా గుప్పెడు తగ్గాయి. పెనం ఆవిడను ఏమిటిదని అడిగితే, "సముద్రానికి సెలవక్కా, నాకు లేదు" అంది.

మే నెలలో ఒక ఆదివారం మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి తండ్రి దగ్గర కూర్చుని, నన్నూ వదిననూ మామల్లపురం, అంటే మహాబలిపురం, పంపించాడు. వదిన గుడి అంటే వచ్చారు. తీరం గుడిలో రెండు శివాలయాల నడుమ పడుకున్న విష్ణువు ఉన్నాడు, ఆమె అక్కడ చాలాసేపు నిలబడ్డారు. నేను చూడాలనుకున్నది కొండ మీద దీపస్తంభం దగ్గరున్న మహిషమర్దిని గుహ. పల్లవుల కాలపు పని. గుహలో ఒక పక్క గోడ మీద సింహమెక్కిన దుర్గ, ఆమెకు ఎదురుగా గద పట్టుకుని వెనక్కి ఒరుగుతున్న మహిషుడు, చుట్టూ గణాలు, బాణాలు, కేకలు వినపడేంత కదలిక. దానికి సరిగ్గా ఎదురుగోడ మీద శేషుడిపై పడుకున్న విష్ణువు. ఆయన కాళ్ళ దగ్గర మధుకైటభులు గదలతో పైకి రాబోతున్నారు. అయినా నిద్రపోతున్న ఆ ఒంట్లో ఎక్కడా బిగువు లేదు, చేయి వాలిపోయి ఉంది. శిల్పి ఒక్క అల కూడా చెక్కలేదు, అయినా అది సముద్రమే. యుద్ధానికీ నిద్రకూ మధ్య నాలుగడుగులు నడిచే చోటు వదిలాడు. వదిన రెండు గోడలనూ మార్చి మార్చి చూసి, "ఆ రాక్షసులు కాళ్ళ దగ్గర్నే ఉన్నారే, ఆయనకు నిద్రెట్లా పట్టింది?" అన్నారు. నెత్తళ్ళు గొంతు ఎలా దిగుతాయని నన్నడిగిన గొంతుతోనే అడిగారు. ఈసారి ప్రశ్న దేవుడికి కాబట్టి, జవాబు చెప్పాల్సిన పని నాకు పడలేదు.

తిరుగుదారిలో ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం దగ్గర ఆగాం. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు 1966లో బాతిక్ బట్టలు అద్ది, అమ్మిన డబ్బుతో భూమి కొనుక్కుని సముద్రం దగ్గర కట్టుకున్న ఊరు అది. అక్కడ గ్యాలరీలో పడవల బొమ్మ ఒకటి చూశాను. నీలం లేదు, అంతా మట్టిరంగే, పడవలు మాత్రం తడిగా ఉన్నాయి. ఎలా తడిగా ఉన్నాయో నాకిప్పటికీ తెలియదు. వదినకు ఆ బొమ్మ నచ్చలేదు, "సముద్రం లేకుండా సముద్రం బొమ్మేమిటి" అన్నారు. గుహలో అలలు లేని సముద్రాన్ని అరగంట చూసిన మనిషి ఆమె!

మెరీనాకు ఉత్తరపు కొసన ఉన్న శ్రామిక విజయం విగ్రహం గురించి కూడా ఒక మాట. దేవీప్రసాద్ రాయ్‌చౌదరి చేసిన నలుగురు మనుషులు 1959 నుంచి అక్కడ బండరాయిని తోస్తూనే ఉన్నారు. రాయి కదలలేదు, పేరు మాత్రం విజయం. ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఆ విగ్రహం పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ పేరు పెట్టినవాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది.

వదినతో నా వాదన ఎలా ముగిసిందని అడిగితే, ముగియలేదు. ఆమె మొక్కు ఆమె వదల్లేదు, నేను వదలమనలేదు. ఒక సంగతి మాత్రం చెప్పాలి. నీచు ముట్టనన్న మనిషి రోజూ నాకంటే ఎక్కువగా చేపల గురించే మాట్లాడారు. చందువ ఎలా వేపాలి, వాళ్ళమ్మ ఎండు రొయ్యలు ఏ కూరలో వేసేది, పండుగప్ప తలకాయ ఎవరికి పెట్టేవాళ్ళు, అన్నీ. తమ్ముడి కోసం ఆమె వదులుకున్నది తనకు నిజంగా ఇష్టమైనది, అందుకే ఆ మొక్కుకు బరువు ఉంది. నాకు అభ్యంతరమల్లా ఆ బరువును అందరి కంచాల్లోకీ పంచడం మీదనే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి ఈ తీరంలో ఎందరినో తీసుకుపోయిన తరువాత, శవాలను తిన్న చేపలన్న వదంతి పుట్టి, జనం చేపలు కొనడం మానేశారు. ఇంట్లో మనుషుల్ని, పడవల్ని పోగొట్టుకున్నవాళ్ళకు ఆ మిగిలిన కూడు కూడా లేకుండా పోయింది. మానడమంటే ఎప్పుడూ పవిత్రమని, తినడమంటే ఎప్పుడూ మొరటుతనమని అనుకునేవాళ్ళకు పట్టినపాక్కంలో ఆ రోజులు గుర్తున్నవాళ్ళు బోలెడు మంది చెప్పగలరు.

జూన్‌లో ఒక సాయంత్రం వదిన తనంతట తానే బెసంట్ నగర్ బీచికి వస్తానన్నారు. అక్కడ ఇసుకలో తెల్లటి కట్టడం ఒకటుంది. 1930 డిసెంబరులో మునిగిపోతున్నవాళ్ళను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న ష్మిట్ అనే డెన్మార్క్ దేశస్థుడి స్మారకం. దానికి కూతవేటు దూరంలోనే చేపల వేపుడు బండ్లు, వాటి చుట్టూ కాలేజీ పిల్లలు. ఈ రెంటి పొత్తూ వదినకు చెప్పాను. ఆమె ఆ కట్టడాన్ని చూసి దండం పెట్టి, పచ్చిమామిడి కొబ్బరి వేసిన బఠాణీ సుండల్ కొనుక్కుని, నా చేతిలో పళ్ళెం వైపు ఒకసారి చూసి, "వేడి మీదనే తిను, చల్లారితే మెత్తబడతాయి" అన్నారు.

ఆ రాత్రి ఇంటికి వచ్చేసరికి మావారు మేలుకునే ఉన్నారు. తొమ్మిదో విడత అయి పదకొండు రోజులయింది, నోట్లో తుప్పు రుచి కాస్త తగ్గే రోజులవి. బీచిలోనే నిమ్మచెక్కతో రుద్దుకుని, ఇంటికి వచ్చి శనగపిండితో మళ్ళీ రుద్దుకుని, చీర మార్చుకుని పక్కన కూర్చున్నాను. ఆయన నా చేతిని పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నేను వెనక్కి లాక్కోబోయాను.

"నిమ్మకాయ రుద్దినావా?"

"రుద్దానండీ. మీకు పడదు కదా."

"ఈసారి రుద్దొద్దు, అట్లాగే రా. ఏం తిన్నావు?"

"నెత్తళ్ళు."

"ఎంతకిచ్చింది?"

"నూట యాభై. గుప్పెడే."

"బెసంట్ నగర్‌లోనా? మోసపోయినావు. పట్టినపాక్కం ఆవిడ దగ్గరికే పో," అని నా చేయి వదలకుండానే కళ్ళు మూసుకున్నారు.